అక్క సమాధి దగ్గర పాట

మా అక్కను నాకు చెప్పకుండా పూడ్చేశారు.

నేను మంచం మీద లేను. లేచి తిరుగుతున్నాను, అన్నం తింటున్నాను. చుట్టుపక్కల పాలేల్లో ఎవరు పోయినా సమాధి దగ్గర పాట చెప్పడానికి నన్నే పిలిచేవాళ్ళు. అలాంటిది, నా తోడబుట్టిన మనిషి పోతే నన్ను పిలవలేదు. పిలవకపోగా ఆ సంగతి నెలల తరబడి దాచారు. దాచింది పరాయివాళ్ళు కాదు. నా భార్య సుందరమ్మ, అక్క మొగుడు యోబు బావ.

ఈ మాట కొన్నేళ్ళపాటు ఎదురుపడ్డ ప్రతి మనిషికీ చెప్పాను. రైల్లో పక్కన కూర్చున్నవాడికి కూడా చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను. నాకు ఏది ఎప్పుడు తెలిసిందో ఆ వరసలోనే రాస్తాను. ముందుది వెనక్కీ, వెనకది ముందుకీ జరపను. జ్వరం తగిలి మతిమరుపు పట్టినవాళ్ళో, అలాంటి మనిషితో ఇంట్లో వేగుతున్నవాళ్ళో చదివితే వాళ్ళకు అక్కరకొచ్చే మాట ఏదన్నా దొరకవచ్చు.

పాట చెప్పడమంటే ఏమిటో తెలియనివాళ్ళకు ముందు అది చెప్పాలి. మా పాలెంలో అప్పట్లో అక్షరమ్ముక్క వచ్చినవాళ్ళు తక్కువ. అందుకని మా ఏసు గుడిలోగానీ సమాధి దగ్గరగానీ ఒకడు ముందు నిలబడి ఒక్కో చరణం పైకి చెప్తాడు. జనం అది విని రాగం ఎత్తుకుంటారు. అది అయ్యాక తరవాతి చరణం. చెప్పేవాడు తడబడ్డాడా, జనమంతా నోళ్ళు తెరుచుకుని నిలబడిపోతారు. ఆ పని నాది. నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాదు. గుడివాడలో బియ్యం మిల్లులో పనిచేస్తూ, బస్తాల మీద ముద్రలు చూసి అక్షరాలు పట్టుకున్నాను. కానీ పాటలు అంతకు ముందు నుంచే నోటికి వచ్చు. అది మా అమ్మ పెట్టిన అలవాటు. ఆదివారం పొలంలో పని తెమలక గుడికి రాలేనివాళ్ళు సాయంత్రం మా గుమ్మం ముందు చేరేవాళ్ళు. పాస్టరు అయ్యగారు చెప్పిన ప్రసంగమూ పాడిన పాటలూ మొదటినుంచి చివరిదాకా అక్కా నేనూ వాళ్ళకు అప్పజెప్పాలి. నేనెక్కడైనా దాటేస్తే అక్క వెనకనుంచి గిల్లేది. ఆ గిల్లుళ్ళే నా చదువు.

పందొమ్మిది వందల యాభై తొమ్మిది ఆగస్టులో జ్వరం వచ్చింది. మిల్లులో కాటా దగ్గర నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే కూలిపోయానట. రైల్లో బందరు తీసుకెళ్ళారు. ఆస్పత్రి వసారాలో బెంచీ ఖాళీ లేదు. సుందరమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని నేల మీదే కూర్చుంది. వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ పోయారు. ఒక నర్సమ్మ మాత్రం ఆగి, తన చేతిరుమాలు తడిపి నా నుదుటి మీద వేసి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయిందట. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

కబురందగానే అక్క వచ్చింది. ఆమె పేరు రాహేలు. అత్తారిల్లు దివిసీమలో, నాగాయలంక దగ్గర రేవు దాటి వెళ్ళే లంకలో. యోబు బావ తాపీ మేస్త్రీ. పని మానుకుని అతనూ వచ్చాడు.

ఆ రోజులవి నాకు ముక్కలుగా మిగిలాయి. అక్క గంజి పట్టుకుని మంచం అంచున కూర్చుంటుంది.

“నేనెవర్రా?”

“అక్కవి.”

“నా పేరు?”

“రాహేలు.”

“ఇవాళ పొద్దున ఏం తాగావు?”

అక్కడ ఆగిపోతాను. పొద్దున అనేది ఒకటి జరిగినట్టే నాకు తెలియదు. అడుగులేని బావిలోకి తొంగి చూసినట్టు భయమేస్తుంది. నొప్పికి మందుంది, ఈ భయానికి లేదు. కళ్ళు తెరిచిన ప్రతిసారీ ఎక్కడున్నానో తెలియక మంచం మీంచి దూకబోయేవాణ్ణి.

“పొద్దున తాగింది గుర్తులేదుగానీ గంజిలో ఉప్పు తక్కువైందని మాత్రం గుర్తుంటుంది దొరకి,” అన్నాడు బావ. అక్క నవ్వింది. నవ్వుతూనే ముఖం అటు తిప్పుకుని కళ్ళు ఒత్తుకుంది.

పక్క మంచం మీద బందరు ఊళ్ళో అత్తరు అమ్ముకునే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. అందరూ సాయెబు గారు అనేవాళ్ళు. నేను దూకబోవడం చూసి ఆయన ఒక పని చేశాడు. దూదిపింజ అత్తరులో ముంచి నా తలగడ కింద పెట్టించాడు.

“ఈ వాసన వచ్చిందంటే మీరు బందరు ఆస్పత్రిలో ఉన్నట్టు లెక్కండీ. పక్కన నేనున్నట్టు. ఇంక భయపడకండి,” అన్నాడు.

నాకు ఆ మాట నిలవలేదు. వాసన నిలిచింది. వాసన తగిలితే దూకడం మానేశానని సుందరమ్మ చెప్పింది. పోయిన జ్ఞాపకానికి తలుపు ఒక్కటే ఉండదు. మాట లోపలికి పోని చోట వాసన పోతుంది, రాగం పోతుంది, చేతిపని పోతుంది.

డాక్టరు గారు మంచివాడే. ఉన్నమాట చెప్పాడు. “మనిషి దక్కాడమ్మా. జ్వరం మెదడు దాకా పోయింది. పాతవి పోలేదు. కొత్తవి నిలవాలంటే టైము పడుతుంది. ఎంత పడుతుందంటే నేను చెప్పలేను.”

మమ్మల్ని రైలెక్కించేటప్పుడు అక్క సుందరమ్మతో ఒక మాట చెప్పింది. అది నేను వినే ఉంటాను, కానీ నాకు దక్కింది సుందరమ్మ నోటినుంచే. “పొద్దుగూకే ముందు ఆ రోజంతా వీడిచేత అప్పజెప్పించు. చిన్నప్పుడు ప్రసంగం అప్పజెప్పినట్టు. ఆగిపోతే ఆగిపోనీ, నువ్వు అందించొద్దు. అందిస్తే నీ జ్ఞాపకం పెరుగుద్ది, వాడిది కాదు.”

ఆ తరవాత సెప్టెంబరు, అక్టోబరు. ఆ రెండు నెలలూ నా దగ్గర లేవు. అన్నం తిన్న చేయి ఆరకముందే అన్నం పెట్టమనేవాణ్ణట. గుడివాడ బయల్దేరి, సగం దారిలో ఎందుకొచ్చానో తెలియక గట్టు మీద కూర్చుండిపోయేవాణ్ణట. కానీ ఆదివారం గుడిలో నిలబెడితే పాట మాత్రం పొల్లుపోకుండా చెప్పేవాణ్ణట. చెప్పి బయటికొచ్చి, “ఇవాళ గుడికెళ్ళొద్దా?” అని అడిగేవాణ్ణట.

పాలెంలో నాకు పిచ్చన్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. కాలు విరిగినవాణ్ణి చూసి పిచ్చోడనరు. జ్వరంతో తల దెబ్బతిన్నవాణ్ణి మాత్రం అనొచ్చు! గుండు గీసి నిమ్మరసం రుద్దమని ఒకరు, దయ్యం పట్టిందని ఒకరు. లేహ్యం అమ్మేవాడొకడు గుమ్మంలో కూర్చుని, ఇది నాకితే పుట్టినప్పటి సంగతులు కూడా గుర్తొస్తాయన్నాడట. “ముందు నువ్వు నాకి చూడు. మా ఇంటికి నిన్న కూడా వచ్చావు, వెళ్ళగొట్టాను, అది గుర్తుకొస్తుందేమో,” అని సుందరమ్మ వాణ్ణి లేవగొట్టింది.

నవంబరు నుంచి నాది అని చెప్పుకోదగ్గ జ్ఞాపకం మొదలవుతుంది. మొదటిది ఇది: అరుగు మీద కూర్చున్నాను. ఎండ తగ్గింది. సుందరమ్మ ఎదురుగా బియ్యం చేటతో కూర్చుని, “ఊఁ, అప్పజెప్పు,” అంటోంది.

“కాళ్ళు కడుక్కున్నాను.”

“అంతకు ముందు?”

“గట్టు మీంచి వచ్చాను.”

“గట్టు మీద ఎవరు కనపడ్డారు?”

రాలేదు. చెమట పట్టింది. ఆమె పెదవి పంటి కింద నొక్కుకుంది. చేటలో చెయ్యి ఆగిపోయింది. చెప్పేస్తే ఇద్దరికీ సుఖం. ఆమె చెప్పలేదు. చాలాసేపటికి నా నోటినుంచి “ఎర్ర దూడ” అని వచ్చింది. దూడ వెనక దాన్ని తోలుకుపోతున్న మనిషి వచ్చాడు, అతని వెనక అతని పేరు వచ్చింది. సుందరమ్మ చేట కింద పెట్టి ఏడ్చింది. ఒక దూడ కోసం అంత ఏడ్చిన మనిషిని నేను చూడలేదు.

ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళకు చెప్తున్నాను. వెతుక్కోనివ్వండి. మీకు జాలేసి అందించిన ప్రతి మాటా ఆ మనిషి చేతికర్ర లాగేసుకున్నట్టే. రోజును సాయంత్రం నుంచి పొద్దుటికి వెనక్కి నడిపించండి. దగ్గరది ముందు దొరుకుతుంది, దాని కొసను పట్టుకుని దూరంది వస్తుంది.

ఇంకొన్ని చేశాం. ప్రతి వస్తువుకూ ఒకటే చోటు. చొక్కా ఆ మేకుకే, కళ్ళజోడు ఆ గూట్లోనే. పెట్టేటప్పుడు పైకి చెప్పాలి: “కళ్ళజోడు గూట్లో పెడుతున్నాను.” చేతికి చెవి సాక్ష్యం. పిల్లలు గుమ్మంలో చేరి వెక్కిరించేవాళ్ళు.

“తాతా, నీ బుర్రెక్కడ పెట్టావు?”

“మీ అమ్మ కూరకుండలో పెట్టాను, తినేసిందేమో అడిగి రాపో!”

వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వినా ఫరవాలేదు, ఎవరి కొడుకు ఎవడో మర్నాడు పేరుపెట్టి పిలిస్తే ఆ నవ్వులో తేడా వచ్చేది. కాలవగట్టు మీద రోజూ ఒకే దారిన నడిచేవాణ్ణి. నిన్నటివన్నీ చెప్పుకుంటూ, కొత్తది ఒక్కటే కలుపుకునేవాణ్ణి. తూము, తూము పక్కన విరిగిన గూటం, గూటం తరవాత తాడిచెట్టు. రెండు కలపాలని ఆశపడితే మొత్తం జారిపోయేది. బీడీ మానేశాను. మధ్యాహ్నం కాసేపు కళ్ళు మూసుకునేవాణ్ణి. అలసిన తలలో ఏదీ నిలవదు.

నేను రోజూ అడిగే మాట ఒకటుంది. అక్క ఎందుకు రావడంలేదు?

డిసెంబరు వచ్చింది. పండగకి గుడికి సున్నం కొడుతున్నారు. ఆ సాయంత్రం రోజంతా తడబడకుండా అప్పజెప్పి, పొగుడుతుందేమోనని చూస్తూ అడిగాను.

“అక్క రాలేదేం?”

“ఏరు పోటు మీదుంది. పడవలు కట్టడం లేదంట,” అంది సుందరమ్మ.

నా తలలో ఏదో కదిలింది. ఆ కదలడం నాకు కొత్త. మొన్నటి సాయంత్రం వచ్చి ఈ సాయంత్రం పక్కన నిలబడింది.

“మొన్న కాలు బెణికిందన్నావు,” అన్నాను.

ఆమె పొయ్యి వైపు తిరిగింది.

“అంతకు ముందు ఆదివారం వాళ్ళ పాడిగేదె ఈనుతుందన్నావు. ఇవాళ పడవలు లేవంటున్నావు. ఏది నిజం?”

“నీకు గుర్తుందా?” అంది. ఆ గొంతులో సంతోషమూ భయమూ రెండూ ఉన్నాయి. నాకు భయమే వినపడింది.

“నన్ను అడక్కు. అక్కకేమైంది?”

“ఏమీ కాలేదు. పండగ వెళ్ళాక పోదాం.”

పండగ వెళ్ళింది. పోలేదు. నేను అడిగిన ప్రతిసారీ ఆమె సర్దుకుంది, నేను ప్రతి సర్దుబాటూ దాచుకున్నాను. ఆమె అబద్ధాలను వరసగా నిలబెట్టుకోవడమే నాకు గట్టి సాధన అయిందంటే నమ్ముతారా? గుడిలో అక్క పేరెత్తితే పక్కవాళ్ళు చెప్పులు వెతుక్కునేవాళ్ళు. ఊరు ఊరంతా ఏదో మింగి కూర్చుంది.

జనవరిలో ఒక పొద్దున, సుందరమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు బయల్దేరాను. జ్వరం తరవాత ఒంటరిగా ఊరు దాటడం అదే మొదలు. దారి మొత్తం వేళ్ళ మీద పెట్టుకున్నాను. బొటనవేలు గుడివాడ, చూపుడువేలు రైలు, మధ్యవేలు బందర్లో ఎక్కే బస్సు, ఉంగరంవేలు రేవు, చిటికెనవేలు అక్క. రైల్లో ఒకాయన మాటల్లో పెట్టబోతే ముఖం తిప్పుకున్నాను, పొగరుబోతు అనుకుని ఉంటాడు. మాట కలిపితే వేలు జారుతుందని నా భయం. బస్సులో ఒక్కసారి మొత్తం తెల్లబడింది. ఈ బస్సు ఎటు పోతోంది? పక్కన జనం, బయట చేలు, అన్నీ ఉన్నాయి, నేను లేను. మధ్యవేలు గట్టిగా నొక్కిపట్టి కళ్ళు మూసుకున్నాను. అక్క గిల్లినట్టు నాకు నేనే గిల్లుకున్నాను. ఎంతసేపటికో దారి తిరిగొచ్చింది. ఒళ్ళంతా తడిసిపోయింది.

రేవులో పడవ సరంగు నన్ను చూసి, “ఏం మేస్త్రీగారి బావమరిదీ, ఈసారి ఒక్కరే వచ్చారా?” అన్నాడు. నేను పట్టించుకోలేదు. చిటికెనవేలు మీదే ఉంది ధ్యాసంతా.

ఇంటికి తాళం. సమాధుల దొడ్డిలో ఉన్నాడు మేస్త్రీ అన్నారు. వెళ్ళాను. బావ గొంతుక్కూర్చుని కొత్త సమాధికి సిమెంటు మెత్తుతున్నాడు. తల వైపున పచ్చిగా ఉన్న గోడ మీద తాపీ మొనతో పేరు గీసి ఉంది. బస్తాల మీద నేర్చుకున్న అక్షరాలతో చదివాను. మా అక్క పేరు.

బావ తలెత్తాడు. లేవలేదు.

“ఎప్పుడు?” అన్నాను.

“అక్టోబర్లో. గుండెల్లో నొప్పంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోదామనేలోపే అయిపోయింది.”

“నాకెందుకు చెప్పలేదు?”

బావ సిమెంటు అంచు నున్నగా దిద్దాడు.

“పాటెవడు చెప్పాడు?”

“చెప్పేవాడే చెప్పాడు.”

“నాకంటే బాగా చెప్పాడా?”

బావ చేతిలో తాపీ సిమెంటులో గుచ్చి వదిలేశాడు. “నీ అంత బాగా చెప్పాడు,” అన్నాడు.

నా నోటికి ఎంతొస్తే అంత అన్నాను. పిచ్చోడి ముద్ర వేసి నన్ను మనుషుల్లోంచి తీసేశారన్నాను. నా అక్క చివరి పాట ఎవడో దారినపోయేవాడికిచ్చారన్నాను. “నీ ఇంటి గడప తొక్కను,” అన్నాను. బావ అంతా విన్నాడు. ఒకసారి మాత్రం నోరు తెరవబోయి, మానుకుని, పడవదాకా నా వెనకే నడిచొచ్చాడు.

ఇంటికొచ్చి సుందరమ్మను కూడా వదల్లేదు. ఆ రోజే కాదు, ఏళ్ళపాటు. ఆమె ఒక్కటే అనేది: “తిట్టు. గుర్తుండబట్టేగా తిడుతున్నావు. నాకదే చాలు.”

మతి కుదిరింది. మళ్ళీ కాటా దగ్గర నిలబడ్డాను. సాయంత్రం అప్పజెప్పుడు మాత్రం మానలేదు, ఇప్పటికీ మానలేదు. ఎవరి సమాధి దగ్గరికి పిలిచినా వెళ్ళాను. పాట చెప్తున్నంతసేపూ నా కళ్ళ ముందు ఆ పచ్చి సిమెంటు గోడ ఉండేది. బావతో మాట లేదు. అతను రెండుసార్లు మా ఊరొస్తే పెరటి దారిన వెళ్ళిపోయాను.

అరవై ఆరు వానాకాలంలో బావను బందరు ఆస్పత్రిలో చేర్చారని కబురొచ్చింది. ఊపిరితిత్తుల్లో సిమెంటు దుమ్ము పేరుకుందన్నారు. సుందరమ్మ నా చొక్కా మేకు మీంచి తీసి చేతిలో పెట్టింది.

“వెళ్ళు,” అంది.

“అడగాల్సింది అడిగే వస్తాను.”

“అడుగు. ఈసారి చెప్తాడు. నేను చెప్పమన్నానని చెప్పు,” అంది. ఆ మాట నాకు అర్థం కాలేదు.

అదే వసారా. ఇప్పుడు బెంచీలు పెరిగాయి, జనమూ పెరిగారు. లోపలికి పంపేదాకా కూర్చున్నాను. ఎన్నేళ్ళనుంచో దాచుకున్న తిట్లు వరసపెట్టుకుంటున్నాను. ఎటునుంచో అత్తరు వాసన వచ్చింది, ఎవరిదో. ఆ వసారాలో అడుగుపెట్టినప్పటినుంచీ ఉన్న భయం ఉన్నట్టుండి తగ్గింది. తిట్ల వరస కూడా తప్పింది.

బావ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, “గడప తొక్కనన్నావుగా. ఇది నా గడప కాదులే, రా,” అన్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. గంజి ఉంటే పట్టాను. గిన్నె కింద పెట్టి అడిగాను. తిట్టలేదు, అడిగాను. “సుందరమ్మ చెప్పమంది. నన్నెందుకు పిలవలేదు బావా? ఆ పాటెవడు చెప్పాడు?”

అతను దగ్గు ఆగేదాకా ఆగి, ఊపిరి కూడదీసుకుంటూ చెప్పాడు:

“పిలవకపోవడమేంట్రా. నేనే మీ ఊరొచ్చి మీ ఇద్దర్నీ తీసుకెళ్ళాను. ఇంకెవరిచేతన్నా చెప్పిద్దామా అని అయ్యగారు అంటుంటే నువ్వే ముందుకొచ్చి నిలబడ్డావు. పల్లవి నుంచి ఆఖరి చరణం దాకా నువ్వే చెప్పావు. జనం ఏడుస్తా పాడారు. మట్టి కూడా వేశావు. తిరిగొచ్చేటప్పుడు పడవలో, చేతికంటిన మట్టి చూసుకుని, ‘ఎవర్ని పూడ్చాం బావా?’ అన్నావు. చెప్పాను. పడవ ఒరిగిపోయేటట్టు ఏడ్చావు. అవతలి ఒడ్డుకొచ్చేసరికి కళ్ళు తుడుచుకుని మళ్ళీ అడిగావు. సుందరమ్మ చెప్పింది. అప్పుడే విన్నట్టు మళ్ళీ అంత ఏడుపూ ఏడ్చావు. బందర్లో రైలెక్కాక మళ్ళీ అడిగావు. అప్పుడు సుందరమ్మ నా చెయ్యి పట్టుకుని, ‘అన్నయ్యా, ఈయనకి రోజూ వాళ్ళక్క చచ్చిపోతా ఉండాలా? ఇంక చెప్పొద్దు,’ అంది. మతి కుదిరాక చెప్దామనుకున్నాం. కానీ నువ్వు లంకకొచ్చి తిట్టిన రోజు నిటారుగా నిలబడి తిట్టావు. అంత దూరం ఒక్కడివే వచ్చావు. అక్క చావు కూడా నిలవని తల నీదని అప్పుడు చెప్తే, మళ్ళీ మంచమెక్కేవాడివి. తప్పు మా మీదుంటే నువ్వు లేచి తిరుగుతావనిపించింది. అందుకని నీ తిట్లు పడ్డాం. పాట సంగతి మాత్రం నిన్ను చూసినప్పుడల్లా నోటిదాకా వచ్చేది. ఒక్క చరణం తప్పలేదురా బావమరిదీ.”